పాలిమర్ వేస్తే గ్లాస్ జారింది, ఇంకా వేస్తే మళ్లీ బిగిసింది: పలచబడిందా, కరిగిందా?

గోళీలాట:

అందరికీ నమస్తే. ఈ గుంపులో ఎక్కువగా బ్లాక్‌హోళ్లు, క్వాంటమ్ కంప్యూటర్లే నడుస్తుంటాయి. నాది పాలలాంటి ద్రవాన్ని వయల్‌లో పోసి తలకిందులు చేసి చూసే రకం ఫిజిక్స్. అయినా కొల్లాయిడ్లు (ద్రవంలో తేలే సన్నటి కణాల మిశ్రమాలు) చేత్తో కలిపినవాళ్లు ఇక్కడ ఒకరిద్దరు ఉన్నారని తెలుసు కాబట్టి అడుగుతున్నాను.

నా శాంపిల్: పీఎంఎంఏ (యాక్రిలిక్ ప్లాస్టిక్) గోళాలు, రేడియస్ 200 నానోమీటర్లు. ఒంటి నిండా పాలీ-హైడ్రాక్సీస్టియరిక్ ఆమ్లం వెంట్రుకలు ఉంటాయి కాబట్టి ఒకదానికొకటి అంటుకోవు. ద్రవం సిస్-డెకాలిన్. వాల్యూమ్ ఫ్రాక్షన్ (మొత్తం ఘనపరిమాణంలో గోళాల వంతు) 0.60. అంత చిక్కగా ఉంటే గ్లాస్ (స్ఫటికంలా వరస లేకుండానే బిగుసుకున్న గడ్డ) కావాలి, అయింది కూడా. బోర్లిస్తే కదలదు, వారాల తరబడి అలమరాలో ఉంచినా ఒక్క స్ఫటికం పుట్టదు.

దీనికి గోళాలకు అతుక్కోని పాలిమర్ కలుపుతూ వెళ్లాను. పాలీస్టైరీన్, అణుభారం 3.7 లక్షలు, గైరేషన్ రేడియస్ (ముడుచుకున్న గొలుసు ఉండ సగటు రేడియస్) 18 నానోమీటర్లకు కాస్త తక్కువ. మిల్లీలీటరుకు అర మిల్లీగ్రాము వేస్తే ఏమీ మారలేదు. 1.3 దగ్గర వయల్ వంచితే మెల్లగా జారింది. కొన్ని రోజులకు గాజు గోడ పక్కన ఆకుపచ్చ, ఎరుపు మెరుపులు కూడా వచ్చాయి, అంటే స్ఫటికాలు. 3 దాటాక మళ్లీ గడ్డ. కాని ఈ గడ్డ మొదటిదానిలా లేదు. గట్టిగా తడితే పెళ్లలుగా విరుగుతోంది.

గైడ్ గారికి చూపిస్తే, "ఏమ్మా, పాలిమర్ ద్రావణం పోసి పలచన చేసి, గ్లాస్ కరిగిందంటావా?" అన్నారు. పక్క ల్యాబ్‌లో రియాలజీ (పదార్థాలు ఎలా పారతాయో, ఎంత గట్టివో కొలవడం) చేసే సీనియర్ ఇంకో మాట అన్నాడు: ఆకర్షణ పెడితే కణాలు పట్టుకుని గట్టిపడాలి గాని జారడమేంటి అని.

నాకు కావాల్సింది: బలహీనమైన ఆకర్షణ గ్లాస్‌ను నిజంగా కరిగిస్తుందా, కరిగిస్తే ఎందుకు? ఇది పలచబడటం కాదని గైడ్‌ను ఒప్పించేది ఎలా? ఆ మొదటి గడ్డ, ఈ చివరి గడ్డ వేర్వేరని ఏ కొలతతో చూపాలి?

రంగులడబ్బా:

నేను పటాన్‌చెరు వైపు ఎమల్షన్ పెయింట్ల ఫార్ములేషన్‌లో ఉంటాను. థియరీ నాకు రాదు. కాని మీరు చెప్పిన మూడో దశకు దగ్గరి చుట్టం మాకు తెలుసు. చిక్కదనం కోసం హెచ్ఈసీ అని సెల్యులోజ్ థిక్నర్ వేస్తాం. అది లేటెక్స్ గోళాలకు అతుక్కోదు. మోతాదు మించితే గోళాలు గుంపులు కడతాయి, డబ్బా గోడౌన్‌లో ఉన్నన్నాళ్లకు పైన తేట తేరుతుంది. కస్టమర్ మూత తీసి మొదట తిట్టేది ఆ తేటనే.

అయితే పాలిమర్ వేస్తే చిక్కటిది జారుగా కావడం మా మిక్సర్లలో నేనెప్పుడూ చూడలేదు. నా ఓటు మీ గైడ్ గారికే. స్టాక్ ద్రావణం ఎంత చిక్కటిది, ఎంత పోశారో చెప్పండి చెల్లీ.

మసకనీళ్లు:

రంగులడబ్బా గారూ, మీరు చూడకపోవడానికి కారణముంది, తర్వాత వస్తాను.

అమ్మా, ముందు మీ గైడ్ గారి పక్షాన లెక్క వేద్దాం, ఎందుకంటే ఆయన అనుమానం తీసిపారేసేది కాదు. మిల్లీలీటరుకు 30 మిల్లీగ్రాముల స్టాక్ తీసుకుని, 1.3 మిల్లీగ్రాముల పాలిమర్ చేరేలా మిల్లీలీటరు శాంపిల్‌లో పోశావనుకో. పోసింది 0.043 మిల్లీలీటర్లే. కాని 0.60ని 1.043తో భాగించి చూడు: 0.575. గట్టి గోళాలకు గ్లాస్ హద్దు సుమారు 0.58. పాలిమర్ పిసరంత పని చేయకపోయినా ఆ నాలుగు చుక్కల డెకాలిన్ చాలు, నీ గ్లాస్ జారిపోవడానికి. పైగా 0.545కూ 0.58కూ మధ్య గట్టి గోళాలు వాటంతట అవే స్ఫటికాలవుతాయి. కాబట్టి నీ పచ్చ, ఎరుపు మెరుపులు ఎంత ముచ్చటగా ఉన్నా సాక్ష్యానికి చాలవు.

అదే పొడి పాలిమర్‌ను తూచి వేశావా, కథ వేరు. 1.3 మిల్లీగ్రాములు ఆక్రమించే చోటు మైక్రోలీటరుకు అటూ ఇటూ. 0.60 కాస్తా 0.599 అవుతుంది, అంతే. ఇంకో దారి, అందరూ చేసేది: సెంట్రిఫ్యూజ్‌లో గోళాలను దింపి, పైన తేరిన డెకాలిన్‌ను తూచి తీసేసి, అంతే బరువు పాలిమర్ ద్రావణం పోసి, మళ్లీ కలపడం. ఇందులో ఏది చేశావో మాకు చెప్పలేదు.

ఏది చేసినా ఒక పోటీ శాంపిల్ తప్పదు. అదే గోళాలు, అదే పద్ధతి, పాలిమర్ బదులు ఉత్త డెకాలిన్. అది బిగుసుకునే ఉండి, పాలిమర్ ఉన్నది జారితే వాదన అక్కడికి సగం అయిపోతుంది. మిగతా సగం నీ మూడో దశ. పలచబడటమే కారణమైతే ఇంకా ఎక్కువ పోసినకొద్దీ ఇంకా జారాలి కదా, మళ్లీ బిగుసుకోవడమేంటి? ఈ ప్రశ్న మీ గైడ్ గారికి మర్యాదగా వెయ్యి.

ఇంకొకటి కూడా అడగాలి. నీ 0.60 ఎక్కడిది? బరువులు, సాంద్రతలతో లెక్క కట్టావా? గోళం 190, దాని మీద 10 నానోమీటర్ల వెంట్రుకల పొర అనుకుంటే ఘనపరిమాణం 17 శాతం పెరుగుతుంది. ఆ పొరలోకి డెకాలిన్ ఎంత దూరిందో తూకం చెప్పదు. నమ్మదగిన పద్ధతి: కొంత శాంపిల్‌ను పలచన చేసి, కింద స్ఫటికం పైన ద్రవం కలిసి ఉండే చోటికి తీసుకురావాలి. ద్రవం వైపు హద్దు 0.494, స్ఫటికం వైపు హద్దు 0.545. స్ఫటికం ఎంత ఎత్తు కూర్చుందో చూస్తే నీ అసలు వాల్యూమ్ ఫ్రాక్షన్ తెలుస్తుంది. అక్కడినుంచి తూకంతో వెనక్కి లెక్క కట్టు. ఇదే గోళాలతో 1986లో పీటర్ ప్యూసీ, విలియం వాన్ మెగెన్ ఈ ద్రవం, స్ఫటికం, గ్లాస్ వరసంతా వయళ్లలో నిలబెట్టి చూపించారు. గోళాల సైజుల్లో తేడా ఎక్కువుంటే ఈ హద్దులు కాస్త జరుగుతాయి, అదీ గుర్తుంచుకో.

ఇక అసలు ప్రశ్న. అవును, కరిగిస్తుంది. నువ్వు చూసింది చాలావరకు నిజమైనదే అని నా నమ్మకం, ఎందుకంటే నీ గోళాలు, నీ పాలిమర్, నీ మోతాదులు 2002లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం వాళ్లు సైన్స్ పత్రికలో వేసినవాటికి చాలా దగ్గరగా ఉన్నాయి. వాళ్లకూ 0.60 దగ్గర ఇదే వరస వచ్చింది: గ్లాస్, ద్రవమై స్ఫటికం, మళ్లీ గ్లాస్. అదే ఏడాది ఎకర్ట్, బార్ట్‌ష్ అనే ఇద్దరు పాలీస్టైరీన్ మైక్రోజెల్ కణాలతో ఇదే చూశారు. కాబట్టి నువ్వు ఒంటరివి కాదు.

ఆకర్షణ ఎక్కడినుంచి వస్తుందో నీకు తెలిసే ఉంటుంది. పాలిమర్ ఉండ మధ్యబిందువు గోళం ఉపరితలానికి తన రేడియస్ కన్నా దగ్గరికి రాలేదు. రెండు గోళాలు ఆనుకుంటే ఆ నిషిద్ధ పొరలు ఒకదానిలోకి ఒకటి చొరబడి, పాలిమర్‌కు తిరిగే చోటు పెరుగుతుంది. అందుకే గోళాలను బయటినుంచి నెట్టినట్టవుతుంది. అసకురా, ఊసావా 1954లో చెప్పిన సంగతి ఇది. ఇందులో జిగురు లేదు, విద్యుదావేశాలు లేవు. ఉన్నదల్లా ఎంట్రోపీ.

దీన్నుంచి నీ అంకెలు తీద్దాం. ఆనుకున్న రెండు గోళాల మధ్య ఆకర్షణ లోతు (బంధం తెంచడానికి కావాల్సిన శక్తి), కేటీల్లో (కేటీ అంటే ఉష్ణ కదలిక శక్తి కొలమానం), పాలిమర్ సాంద్రతను ఉండలు ఒకదానికొకటి తగిలే సాంద్రతతో భాగించగా వచ్చినదానికి 1 + 3/(2×సైజు నిష్పత్తి) రెట్లు. నీ నిష్పత్తి (పాలిమర్ రేడియస్ బై గోళం రేడియస్) 0.09, కాబట్టి దాదాపు 18 రెట్లు. నీ పాలిమర్‌కు ఆ తగిలే సాంద్రత మిల్లీలీటరుకు 26 మిల్లీగ్రాముల దగ్గర. 1.3 అంటే అందులో 0.05. అంటే ఒక కేటీ కూడా రాలేదే అంటావు. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. 0.60 శాంపిల్‌లో పాలిమర్‌కు దొరికే చోటు మొత్తంలో నాలుగో వంతు కూడా ఉండదు. గోళాలు తీసుకున్నది 0.60, వాటి చుట్టూ నిషిద్ధ పొర ఇంకొంత. కాబట్టి మిగిలిన చోట అసలు సాంద్రత నాలుగు రెట్లు పైనే. లోతు నాలుగు కేటీకి కాస్త లోపు వస్తుంది. అర మిల్లీగ్రాముకు ఒకటిన్నర కేటీ, 3 మిల్లీగ్రాములకు తొమ్మిదికి దగ్గర. చివరిది మాత్రం ఎక్కువ చూపిస్తుంది, ఎందుకంటే అంత చిక్కగా పాలిమర్ ఉండలు ఒకదాన్నొకటి పట్టించుకోకుండా ఉండవు, సూత్రం అలా ఉంటాయనుకుంటుంది.

ఇప్పుడు ఎందుకు కరుగుతుంది? నిండిన సిటీ బస్సు ఊహించుకో. అందరూ సమంగా సర్దుకుని నిలబడితే ఎవరి చుట్టూ జానెడు సందు లేదు, దిగాల్సినవాడు తలుపు దాకా రాలేడు. ఇదీ మామూలు గ్లాస్. ప్రతి గోళానికీ చుట్టుపక్కలవాళ్లే పంజరం. ఇందులో కొందరు స్నేహితులు దగ్గరికి జరిగి గుంపుగా నిలబడితే, వాళ్లు వదిలిన చోట్ల సందులు పడతాయి. మొత్తం జనం అంతే, ఖాళీ కూడా అంతే. కాని పలచగా అందరికీ పంచుకుపోయిన ఖాళీ ఒకచోట పోగై, మనిషి దూరేంత దారి అయింది. ఆ స్నేహితులు ఒకరి చేయి ఒకరు వదలకుండా పట్టుకుంటే మాత్రం దారి ఉన్నా కదిలేవాడు ఉండడు. అదీ నీ రెండో గడ్డ.

అందుకే నాలుగు కేటీ దగ్గర కరిగి, దానికి రెట్టింపు దగ్గర బిగుస్తుంది. నాలుగు కేటీ బంధాన్ని ఉష్ణ కదలిక మాటిమాటికీ తెంచగలదు. బంధం ఆయుష్షు దాదాపు ఘాతంలో పెరుగుతుంది కాబట్టి ఇంకో నాలుగు కేటీ చేరిస్తే యాభై రెట్లు దాటుతుంది. నీ గోళం ఉత్త డెకాలిన్‌లో తన రేడియస్ అంత దూరం పోవడానికి సెకనులో యాభయ్యో వంతు పడుతుంది. అది గడియారంగా పెట్టుకుని చూడు.

రియాలజీ సీనియర్‌కు ఏమని చెప్పాలంటే: ఆకర్షణ పెరిగితే గట్టిపడాలన్న మాట పలచని సస్పెన్షన్లలో సరైనదే. చిక్కటి చోట బిగుతుకు కారణం ఆకర్షణ కాదు, ఇరుకు.

గోళీలాట:

సార్, చాలా థాంక్స్. నేను చేసింది మీరు చెప్పిన రెండో దారే. దింపి, తేట తూచి తీసి, అంతే తూకం పాలిమర్ ద్రావణం. పాలిమర్ లేని పోటీ శాంపిల్ కూడా అదే ట్రేలో ఉంది, దానికి తీసిన డెకాలినే తిరిగి పోశాను, అది ఇప్పటికీ బిగుసుకునే ఉంది. పోస్టులో రాయలేదు, అంతే. వాల్యూమ్ ఫ్రాక్షన్ మాత్రం తూకం నుంచే, స్ఫటికం-ద్రవం పద్ధతి ఈ వారం మొదలుపెడతాను.

ఒక అనుమానం. మీ బస్సులో స్నేహితులు ఎంత దూరం నుంచి పిలుచుకున్నా సందు పడాలి కదా? ఆకర్షణ దూరం ఎక్కువైతే కూడా కరుగుతుందా? ఇంకా పెద్ద పాలిమర్ కొనాలా వద్దా అన్నది దీని మీద ఉంది.

చతురస్రబావి:

పెద్ద పాలిమర్ కొనకు. నేను సిమ్యులేషన్ మనిషిని, చేతికి డెకాలిన్ అంటదు, అయినా ఇది చెప్పగలను.

పంజరంలో గోళం ఆడే దూరం దాని వ్యాసంలో పదో వంతు స్థాయిది. ఆకర్షణ దూరం అంతకన్నా బాగా చిన్నదైతేనే పొరుగువాణ్ని ఆనుకున్న గోళం పంజరంలో ఒక పక్కకు ఒదిగి, అవతలి పక్క ఖాళీ వదులుతుంది. ఆకర్షణ దూరం పంజరమంత ఉంటే గోళం ఎక్కడున్నా ఒకేలా లాగబడుతుంది, ఒదగడానికి కారణం లేదు. అప్పుడు ఆకర్షణ పెంచినకొద్దీ బిగుతే, మధ్యలో కరగడం ఉండదు. ఇంకా పెద్ద పాలిమర్ అయితే ద్రవం-వాయువు లాంటి విడిపోవడం అడ్డొస్తుంది. నీ పాలిమర్ ఆకర్షణ అంచులు వ్యాసంలో 9 శాతం దాకా పోతాయి గాని లోతంతా ఉపరితలం పక్కనే ఉంటుంది, అందుకే పనిచేస్తోంది.

ఇది ముందు కాగితం మీద వచ్చి తర్వాత వయల్‌లోకి దిగిన సంగతి, అందుకే నాకు ఇష్టం. 1999లో రెండు బృందాలు, బెర్గెన్‌హోల్ట్స్-ఫుక్స్ ఒకటి, గోట్జె, షోర్టీనో, టార్టాల్యా తదితరులు ఇంకొకటి, మోడ్ కప్లింగ్ సిద్ధాంతంలోకి (ద్రవం గ్లాస్‌గా ఎలా బిగుస్తుందో లెక్కగట్టేది) చిన్న దూరపు ఆకర్షణ పెట్టి చూశారు. గ్లాస్ హద్దు నేరుగా వంగకుండా ముందు ఎక్కువ సాంద్రత వైపు ఉబ్బి, తర్వాత వెనక్కి తిరిగింది. అంటే ఒకే సాంద్రత మీద నిలబడి ఆకర్షణ పెంచుతూ పోతే గ్లాస్, ద్రవం, గ్లాస్. దీన్ని ఉష్ణోగ్రత భాషలోకి మారిస్తే చల్లబరిస్తే కరిగే గాజు! ఆకర్షణ బావి (ఆకర్షణ శక్తి గ్రాఫ్‌లో పడే గుంట) లోతు కేటీలతో పోల్చి కొలుస్తాం కాబట్టి లోతు పెంచడమూ చల్లబరచడమూ ఒకటే. నీ సిస్టమ్‌లో పాలిమరే థర్మోస్టాట్, గదిని చల్లబరిచి లాభం లేదు.

ఆ లెక్కల్లో ఇంకో వింత ఉంది. బావి బాగా ఇరుకైనప్పుడు, అంటే వ్యాసంలో 3 శాతం లాంటిదైనప్పుడు, రెండు గ్లాస్‌లకూ మధ్య నేరుగా ఒక గీత వస్తుంది, గ్లాస్ నుంచి గ్లాస్‌కు దూకుడు. ఆ గీత చివర ఒక ప్రత్యేక బిందువు. దాని చుట్టుపక్కల కొరిలేషన్ ఫంక్షన్ (కణాల అమరిక కొంతసేపటికి ఎంత మిగిలిందో చెప్పే గ్రాఫ్) మామూలుగా మెట్టు మీద ఆగి దిగదు, లాగరిథమ్‌లో, సమయం పదింతలు అయిన ప్రతిసారీ ఒకే మోతాదులో, జారుతూ పోతుంది. నీ 1.3 శాంపిల్‌కు అటూ ఇటూ లైట్ స్కాటరింగ్ (లేజర్ కాంతి చెదరడాన్ని బట్టి కణాల కదలిక కొలవడం) గ్రాఫ్‌ను లాగ్ అక్షం మీద గీసి చూడు. కొన్ని దశకాల పాటు తిన్నని వాలు కనిపిస్తే నాకు చూపించు, స్వీట్లు నావి.

ఒక హెచ్చరిక. సిద్ధాంతం ఇచ్చే అంకెలు అలాగే వాడొద్దు. గట్టి గోళాల గ్లాస్‌ను అది 0.516 దగ్గర పెడుతుంది, వయల్ 0.58 అంటుంది. ఆకారం నమ్ము, అంకె జరుపుకో. ఆకర్షణ గ్లాస్‌ను (ఆకర్షణతో బిగిసే ఆ రెండో గడ్డను) శాశ్వతమని కూడా అనుకోవద్దు. కొన్ని కేటీల బంధం ఎంత నెమ్మదిగానైనా తెగుతుంది, సిద్ధాంతం ఆ తెగడాన్ని లెక్కలోకి సరిగ్గా తీసుకోదు.

మసకనీళ్లు:

చతురస్రబావి చెప్పింది సరైనది. ఇంకో మాట: దీనికి గుండ్రటి గోళాలే కావాలని లేదు. బెంగళూరు జెఎన్‌సీఏఎస్ఆర్ పరిశోధన సంస్థ వాళ్లు 2013లో దాదాపు ఒకే పొరలో పరిచిన దీర్ఘవృత్తపు కణాలతో చేశారు, పొడవు వెడల్పుకు 2.1 రెట్లు. ఆకర్షణ మధ్యస్థంగా ఉన్నప్పుడు కణాలు తిరగడం ముందు ఆగిపోయి, జరగడం తర్వాత ఆగింది. కరిగి మళ్లీ బిగుసుకునే ఆట మాత్రం జరగడంలోనే కనిపించింది, తిరగడంలో లేదు. మైక్రోస్కోప్ కింద ఒక్కో కణాన్నీ చూస్తూ తేల్చిన పని అది. దగ్గరే కాబట్టి అవకాశముంటే వెళ్లి చూడు.

ఇక నీ మూడో ప్రశ్న, రెండు గడ్డల తేడా. రెండు కొలతలు.

మొదటిది లైట్ స్కాటరింగ్. కొరిలేషన్ ఫంక్షన్ దిగి ఒక మెట్టు మీద ఆగుతుంది, ఆ మెట్టు ఎత్తే నీకు కావాలి. మామూలు గ్లాస్‌లో గోళం పంజరంలో అటూ ఇటూ ఆడుతుంది కాబట్టి మెట్టు కిందికి ఉంటుంది. ఆకర్షణ గ్లాస్‌లో గోళం పొరుగువాడికి అతుక్కుని ఉంటుంది, ఆడే దూరం బంధం వెడల్పంతే, కాబట్టి మెట్టు దాదాపు ఒకటిని ఆనుకుంటుంది. కొలిచే కోణం ముఖ్యం: స్ట్రక్చర్ ఫ్యాక్టర్ శిఖరం (గోళాల అమరిక వల్ల చెదిరిన కాంతి అత్యధికమయ్యే కోణం) దగ్గర కాక, దానికన్నా బాగా చిన్న వేవ్‌వెక్టర్ (అంటే చిన్న కోణం) దగ్గర తీసుకుంటే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అయితే నీ శాంపిల్ మసకగా ఉంటుంది, పీఎంఎంఏకు డెకాలిన్ వక్రీభవనం దగ్గరే గాని సమానం కాదు. మామూలు యంత్రంలో కాంతి పలుమార్లు చెదిరి లెక్క పాడవుతుంది. ఎడిన్‌బరో వాళ్లు అందుకే రెండు రంగుల లేజర్లతో చేశారు. అది లేకపోతే పలచని క్యువెట్ (శాంపిల్ పోసే గాజు గొట్టం) వాడటమో, టెట్రాలిన్ అనే ఇంకో ద్రావణి కలిపి వక్రీభవనం సరిచేయడమో. టెట్రాలిన్ గోళాలను ఉబ్బిస్తుంది, పాలిమర్ ఉండను కూడా సాగదీస్తుంది, కాబట్టి అన్నీ మళ్లీ కొలుచుకోవాల్సి వస్తుంది. నన్నడిగితే ముందు క్యువెట్.

రెండోది మీ సీనియర్‌కు నచ్చేది. రియోమీటర్‌లో శాంపిల్‌ను అటూ ఇటూ ఊపుతూ, డోలన స్ట్రెయిన్‌ను (ఆకారం ఎంత శాతం మారిందో దాన్ని) పెంచుతూ పో. మామూలు గ్లాస్ ఒక్కచోట, 10 శాతం పైచిలుకు దగ్గర, లొంగుతుంది. పంజరం విరగడమే అక్కడ జరిగేది. ఆకర్షణ గ్లాస్ రెండుచోట్ల లొంగుతుంది. మొదటిది చాలా చిన్న స్ట్రెయిన్ దగ్గర, బంధం తెగేచోట. రెండోది అంతకన్నా చాలా పెద్ద స్ట్రెయిన్ దగ్గర, పంజరం విరిగేచోట. నువ్వు చెప్పిన "పెళ్లలుగా విరగడం" నాకు ఇదే గుర్తు చేసింది. ఈ రెండు మెట్ల లొంగుబాటును ఎడిన్‌బరో వాళ్లు గ్రీసులోని క్రీట్ ద్వీపంలో ఉన్న ఫోర్త్ సంస్థ వాళ్లతో కలిసి తర్వాతి ఏళ్లలో కొలిచారు.

రియోమీటర్ దగ్గర జాగ్రత్తలు: నున్నటి ప్లేటు వద్దు, గోడ దగ్గర జారిపోయి లేని మెట్లు కనిపిస్తాయి. గరుకు చేసినది తీసుకో. డెకాలిన్ ఆవిరి కాకుండా మూత పెట్టు, అంచులో కాస్త ఎండినా 0.60 కాస్తా ఇంకేదో అవుతుంది. ప్రతి కొలతకు ముందు శాంపిల్‌ను ఒకే తీరున కుదిపి, ఒకే సమయం ఆగు. గ్లాస్‌కు వయసుంటుంది. కలిపిన గంటకూ మర్నాటికీ ఒకే అంకె రాదు.

ఇంకోటి, గురుత్వం. పీఎంఎంఏ డెకాలిన్ కన్నా ఘనసెంటీమీటరుకు 0.29 గ్రాముల దాకా బరువు. నీ గోళానికి ఉష్ణ కదలిక ఎత్తి నిలబెట్టగల ఎత్తు 40 మైక్రాన్లు, నీ వయల్ ఎత్తు సెంటీమీటర్లలో. జారే శాంపిల్‌ను వారం వదిలేస్తే పైన ఒక వాల్యూమ్ ఫ్రాక్షన్, కింద ఒకటి.

రంగులడబ్బా:

సరే, ఓటు వెనక్కి తీసుకుంటున్నా. మరి మాకెందుకు కనిపించదు? ఇదే నిజమైతే చుక్క పాలిమర్ వేసి, ఘనపదార్థం ఇంకా ఎక్కించి, పెయింట్ పలచగానే ఉంచొచ్చు కదా. మా మేనేజర్ ఎగిరి గంతేస్తాడు.

మసకనీళ్లు:

ఎగరనివ్వకండి. మీ డబ్బాలో గోళాలు మొత్తం ఎంత? నలభై శాతం చుట్టూ అనుకుంటాను. అక్కడ కరిగించడానికి గ్లాసే లేదు, జనం సగమే ఉన్న బస్సు అది. ఆ సాంద్రతలో ఆకర్షణ చేసే పని ఒక్కటే: గుంపులు కట్టించడం, ఇంకా బలమైతే జెల్, అంటే కణాల వల. మీరు చూసే తేట, ఆ వల మెల్లగా కుంగి పిండుకున్న నీరు. పైగా మీ లేటెక్స్‌కు ఆవేశం ఉంది, టైటానియం డయాక్సైడ్ సైజు వేరు, కాల్షియం కార్బొనేట్ సైజు వేరు. ఈ కరిగే కిటికీ వాల్యూమ్ ఫ్రాక్షన్లో 0.58 పైన రెండు మూడు వందో వంతులు, అంతే. పాలిమర్ మోతాదు కొద్దిగా తప్పినా అటో ఇటో గడ్డ. స్టోర్మర్ (పెయింట్ చిక్కదనం కొలిచే యంత్రం) దగ్గర కేయూ (దాని కొలమానం) పట్టుకోవడానికే మీకు చెమటలు పడుతుంటాయి, ఇది ఎవరు పట్టుకుంటారు? అరవై శాతానికి దగ్గరగా పోసే సిరామిక్ స్లర్రీల వాళ్లైతే ఆలోచించొచ్చు. వాళ్లకూ గుండ్రటి కణాలు ఉండవు.

గోళీలాట:

గైడ్ గారికి పోటీ శాంపిల్, మూడో దశ వాదన రెండూ చెప్పాను. "సరే, వాల్యూమ్ ఫ్రాక్షన్ సరిగ్గా తేల్చాక గ్రూప్ మీటింగ్‌లో పెట్టు" అన్నారు. స్ఫటికం-ద్రవం పద్ధతికి శాంపిళ్లు పెట్టాను. రియోమీటర్ స్లాట్ సీనియర్‌తో కలిసి తీసుకున్నాను, గరుకు ప్లేటు వాళ్ల దగ్గరే ఉందట.

చివరగా ఒకటి. ఫేజ్ డయాగ్రమ్ గీసేటప్పుడు నిలువు అక్షం మీద ఏం పెట్టాలి? మొత్తం శాంపిల్‌లో పాలిమర్ ఎంతో అదా, మీరు లెక్క కట్టిన ఖాళీలోని సాంద్రతా? రెండింటికీ నాలుగు రెట్లు తేడా వస్తోంది.

మసకనీళ్లు:

బొమ్మలో మొత్తం శాంపిల్ సాంద్రత, మిల్లీలీటరుకు మిల్లీగ్రాముల్లో. అది నువ్వు తూచింది, ఎవరూ కాదనలేరు. ఖాళీలోని సాంద్రత, కేటీల లోతు పక్కన పట్టికలో ఇవ్వు, ఏ సూత్రంతో తీశావో రాసి. థియరీవాళ్లు వెతుక్కునేది ఆ రెండో అంకెనే, వేరేవాళ్ల శాంపిళ్లతో పోల్చడానికి కూడా అదే కావాలి. పాలిమర్ అణుభారం, దాని సైజుల వ్యాప్తి, గోళాల సైజుల వ్యాప్తి, గది ఉష్ణోగ్రత అదే పట్టికలో ఉండాలి. డెకాలిన్‌కు ఉష్ణోగ్రత ఎందుకంటావా, పాలీస్టైరీన్‌కు అది మరీ మంచి ద్రావణి కాదు, గది చల్లబడితే ఉండ సైజు మారుతుంది.

చతురస్రబావి:

లాగ్ గ్రాఫ్ మరిచిపోకు. మెట్టు కనిపించినా సరే, ముడి డేటా పంపు, ఫిట్ చేసినది వద్దు.